హానోయి నగరమున మా తొలి దినములు

ఈ సంచిక కొఱకు మా ప్రయాణమును గూర్చి యేదైన వ్రాసి పంపవలసినదని మా పూర్వపు ప్రధానోపాధ్యాయులవారు మాకు ఉత్తరము వ్రాసిరి. ప్రయాణములను గూర్చి వ్రాయువారు సామాన్యముగా తాము చూచిన గొప్ప కట్టడములను, నదులను, కొండలను వర్ణింతురు. అటువంటివి మేమును కొన్ని చూచితిమి. గాని మాకు మఱపురాక నిలిచినవి మాత్రము వియత్నాము దేశపు రాజధానియగు హానోయి నగరమున మేము మొదటి మూడు దినములు పడిన పాట్లు. అందులో మా తెలివితక్కువ యెంత, పరుల దోష మెంత యను లెక్క చాలకాలము మా యిద్దఱికిని కుదరలేదు. కావున జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాము.

మేమిద్దఱమును చెఱియొక సంచి వీపున వేసికొని, ఉత్తరమున హానోయి మొదలు దక్షిణమున సైగాను వఱకు రైలుమీద మెల్లగా పోవలెనని సంకల్పించితిమి. 1936వ సంవత్సరమున పూర్తియైన ఆ యినుపదారి పొడవు 1,726 కిలోమీటర్లు. సైగానునకు 1976 మొదలుకొని హో చి మిన్ నగరమని పేరు. అయినను జనులు వాడుకలో పాత పేరునే పలుకుదురు. చౌకబసలు, వీథిలోని భోజనము, ఒక నెల కాలము, ఇదియే మా యేర్పాటు. పటములు చూచితిమి, రైళ్ల వేళలు వ్రాసికొంటిమి, అనుమతిపత్రములు సంపాదించితిమి. చూడనిది పంచాంగ మొక్కటియే.

వియత్నామీయుల సంవత్సరాదికి టెట్ అని పేరు. అది చాంద్రమానమును బట్టి వచ్చును గనుక ఒక్కొక్క యేట ఒక్కొక్క తేదీన పడును. 2025వ సంవత్సరమున అది జనవరి 29వ తేదీ బుధవారము నాడు వచ్చినది. మేము దిగినది 27వ తేదీ సాయంకాలము. పండుగ వచ్చుచున్నదని బొత్తిగా ఎఱుగకపోలేదు. ఆ సమయమునకు పోయినయెడల వీథులలో తిరునాళ్లు చూడవచ్చునని సంతోషించితిమి కూడ. అది వీథి పండుగ గాక ఇంటి పండుగ యనియు, నగరవాసులు చాలమంది తమ తమ స్వగ్రామములకు పోవుదురనియు, అంగళ్లును పూటకూళ్లును కొన్ని దినములు మూతపడుననియు మేమెఱుగము. సంక్రాంతికి హైదరాబాదు ఖాళీయగుట ఎన్నిమారులో చూచినవారమే. అయినను పరదేశమున నట్లే జరుగునని మాకు తోపలేదు.

చలి సంగతియు నట్లే యయ్యెను. భూగోళపటమున హానోయి మన నాగపురము ఉన్న అక్షాంశముననే, అనగా సుమారు 21 డిగ్రీలనే, యున్నది. కావున నూలుబట్టలు చాలునని తలంచితిమి. చలికాలమున చీనాదేశము మీదుగా వచ్చు ఈశాన్యపు గాలి ఆ నగరమును కప్పి, దినములకొలది సూర్యుని చూపకుండ చేయునని మా భూగోళశాస్త్రపు టుపాధ్యాయులు చెప్పియుందురేమో, మేము వినియుండము.

విమానాశ్రయము నగరమునకు సుమారు 27 కిలోమీటర్ల దూరమున నున్నది. నగరపు బస్సు ఎక్కి, ఎఱ్ఱనది దాటి పోవుచుండగా దారిపొడవునను మోటారు సైకిళ్లమీద చెట్లు పరుగెత్తుట చూచితిమి. నిజముగా చెట్లే! పండ్లతో నిండిన చిన్న నారింజ చెట్లు కుండీలతో సహా, గులాబివన్నె పీచుపూల కొమ్మలు మనిషి యెత్తున, బండి వెనుక కట్టబడి యిండ్లకు పోవుచుండెను. అంత సంతోషముగా నగరమున ప్రవేశించినవారము, ఒక గంట గడువకమునుపే బస తలుపు ముందర నిలువబడి చలికి వణకుచుంటిమి. తలుపునకు తాళము. మేము ముందుగా సొమ్ము చెల్లించి కుదుర్చుకొన్న ఆ బస యజమానుడు పండుగకు ఊరికి పోయెనని ప్రక్కయింటివారు సైగలతో తెలిపిరి. మాకు వర్తమానము పంపినాడట. అది మేము విమానములో నున్నప్పుడు వచ్చి, మా ఫోనులో చదువబడక పడియుండెను.

హానోయిలోని పాతపేట చిత్రమైనది. ముప్పదియాఱు వీథుల పేట యని దానిని పిలుతురు. హాంగ్ అనగా సరకు. పూర్వము ఒక్కొక్క వీథిలో ఒక్కొక్క సరకు అమ్ముచుండినందున వెండివీథి, పంచదారవీథి, జనుమువీథి యని వాని పేళ్లు. ఇండ్లు వీథివైపున రెండు మూడు మీటర్ల వెడల్పే యుండి, లోపలికి మాత్రము గొట్టమువలె అతిదీర్ఘముగా పోవును. అట్టి గొట్టపుటింటి పై యంతస్తున, మేమనుకొన్న దానికి రెండింతల బాడుగకు, రాత్రి తొమ్మిది గంటలకు ఒక గది దొరికెను. గదిని వేడిచేయు సాధనము లేదు. గుమాస్తా మా పేళ్లు వ్రాసికొనక మునుపే మా వయస్సు లెంతయని యడిగెను. ఇదెక్కడి మర్యాద యని మాలో మేము తెలుగున గొణుగుకొంటిమి.

ఆ రాత్రియే మఱియొక నష్టము. ఆ దేశపు నాణెము డోంగు. నోట్లన్నిటిమీదను హో చి మిన్‌గారి ముఖమే. ఇరువదివేల డోంగుల నోటు నీలము; ఐదులక్షల డోంగుల నోటును నీలమే. మొదటిది మన లెక్కన సుమారు 70 రూపాయలు, రెండవది సుమారు 1,700 రూపాయలు. వీథిదీపము క్రింద ఒక యామెయొద్ద అరటిపండ్లు కొని, ఇరువదివేలనుకొని ఐదులక్షలిచ్చి వచ్చితిమి. గదికి వచ్చి లెక్క చూచుకొని పరుగెత్తిపోవుసరికి ఆమెయు లేదు, ఆమె గంపయు లేదు. తెలిసి పుచ్చుకొన్నదో, మావలెనే తెలియక పుచ్చుకొన్నదో దేవునికే యెఱుక. అయినను ఆ రాత్రి మేము ఆమెను దొంగయనియే తీర్పు చెప్పితిమి. ఇచ్చినవారు ఎవరు, చూచుచుండియు ఊరకున్నవారు ఎవరు అని మా యిద్దఱికిని వాదము పుట్టి, అరటిపండ్లు తినకుండనే పరుంటిమి.

మఱునాటి యుదయమున, అనగా పండుగకు ముందటి దినమున, ఉన్నిటోపీలు చేతితొడుగులు కొనుటకు బయలుదేరితిమి. ఒక స్త్రీ అప్పుడే అంగడి తెఱచి సరకులు పఱచుచుండెను. ఆమె ధర చెప్పెను. మేము సగమునకు అడిగితిమి. ఆమె కొంత తగ్గించెను. మేము తొడుగులన్నియు తొడిగి చూచి, ఇంకను చౌకగా దొరకవచ్చునని యేమియు కొనక వచ్చివేసితిమి. నాలుగడుగులు వేసి వెనుకకు చూడగా, ఆమె ఒక కాగితపు ముక్క వెలిగించి, మేము నిలువబడిన చోటనే దానిని అటునిటు త్రిప్పుచుండెను! పురుగులను పొగబెట్టి తఱిమినట్లు మమ్ము తఱుముచున్నదని మాకు ఒడలు మండెను. రాత్రి నోటు పోయెను, పొద్దుట మానము పోయెను అని, ఆ కోపముతోనే మఱి యే యంగడికిని పోలేదు. మధ్యాహ్నమునకు అంగళ్లన్నియు ఇనుపతలుపులు దించుకొనెను. అంతవఱకు కాలు మోపుటకు సందియ్యక ప్రవహించిన మోటారు సైకిళ్ల వఱదయు సాయంకాలమునకు ఇంకిపోయెను. మా భోజనము బిస్కత్తులు, ఆ నీలపునోటు అరటిపండ్లు.

నడిరేయి హోవాన్ కియెమ్ సరస్సు దిక్కున బాణసంచా ఆకాశమున విచ్చుకొనెను. కిటికీనుండి చూచుచుండగా మాలో ఒకరు చలికి దంతములు కొట్టుకొనుచు, ఇక నిలువలేక మంచము చేరిరి. తాకి చూడగా ఒడలు కాలుచుండెను. ఆ యొకరు ఎవరని చదువరులు అడుగవలదు. మేము పంపకము లేకుండ వ్రాయుటకు ఒప్పుకొన్నాము. ఇంటినుండి తెచ్చుకొన్న జ్వరపు మాత్రలు నాలుగు. తెల్లవాఱుసరికి నాలుగును అయిపోయెను, జ్వరము మిగిలెను. గుమాస్తాయు ఊరికి పోయి, బీగముచెవి మాత్రము బల్లమీద ఉంచెను.

ఒకరిని విడిచి ఒకరు పోవుటకు ధైర్యము చాలక, ఇద్దఱమును గదిలోని దుప్పటి కప్పుకొని మందుల యంగడిని వెదకుచు వీథిలోనికి దిగితిమి. ఆ యుదయపు నిశ్శబ్దము చెప్పనలవిగాదు. ముందటి దినమున ప్రాణములు అఱచేత పట్టుకొని దాటిన కూడలిలో ఆ దినమున ఒక్క మనిషియు లేడు. పదునెనిమిదవ శతాబ్దపు ప్రసిద్ధవైద్యుడగు లాన్ ఓంగ్ పేర నొక వీథి యున్నది. వీథియంతయు మూలికలమ్ము అంగళ్లే. మూసిన తలుపుల సందులనుండి దాల్చినచెక్కవంటి వాసన వచ్చుచుండెను గాని తలుపు తెఱచినవారు లేరు. ఒక మాట యిచ్చట చెప్పవలెను. వియత్నామీయ భాషకు నేడు రోమను లిపి. క్రైస్తవ మిషనెరీలు రూపొందించిన ఆ వ్రాతలో అలెగ్జాండర్ ద రోడ్స్ అను ఫాదిరిగారి నిఘంటువు 1651లో రోమునగరమున అచ్చుపడినది. కావున పలకలమీది అక్షరములు మాకు కనబడును; పలుకుట మాత్రము చేతగాదు. ఆ భాషకు స్వరము లాఱు. 'మ' యను ఒక్క మాటయే గొంతు ఎత్తుదలను దించుదలను బట్టి దయ్యమును, సమాధియును, వరినారును అగును. అయినను 'న్యా థువొక్' అనగా మందులయిల్లు అని నేర్చుకొనియుంటిమి. ఆ రెండు మాటలును ఒక పలకమీద కనబడెను.

తలుపు సగము తెఱచియుండెను. లోపల అద్దపు బీరువాలలో మందుల పెట్టెలు వరుసగా కనబడుచుండెను. గడప లోపల ఎఱ్ఱని చొక్కాతో నొక వృద్ధురాలు నిలిచియుండెను. మేము తెలుగున 'మాకు జ్వరము, లోపలికి రావచ్చునా?' అని ఫోనునకు చెప్పి, అది తర్జుమాచేసిన వాక్యమును ఆమెకు చూపితిమి. ఆమె చదువుకొని, ముఖము వెలవెలపోగా, రెండు చేతులును అడ్డముగా ఊపి, మేము కాలెత్తకమునుపే తలుపు మూసివేసెను.

ఎదుటి యంగడి మెట్లమీద కూలబడితిమి. జ్వరములేనివారు ఆ జాతినంతయు నోటికి వచ్చినట్లు నిందించిరి. జ్వరమున్నవారు 'ఇంటికి పోదము' అని ఒక్కమాట యనిరి. తిరుగు టిక్కెట్ల వెల యెంతయో ఫోనులో చూచితిమి. ఉన్న సొమ్ములో మూడవవంతు పోవును. పోయినను సరే యని నిశ్చయించుకొంటిమి. ఆ వృద్ధురాలు మేడమీది కిటికీనుండి మాటిమాటికి మమ్ము తొంగిచూచుచుండెను. అదియు మాకు కోపమునే పెంచెను.

అరగంట యిట్లు గడచినది. అంతట కొత్త కోటు ధరించిన యొక నడివయస్సు పురుషుడు మోటారు సైకిలుమీద వేగముగా వచ్చి ఆ యింటి ముందర దిగెను. తలుపులు రెండును బార్లగా తెఱచి, నవ్వులతో నమస్కారములతో ఆయనను లోనికి తీసికొనిపోయిరి. ఆయన గడప దాటి రెండు నిమిషములైనను కాలేదు. ఆ వృద్ధురాలే, కాళ్లకు చెప్పులైనను సరిగా తొడుగుకొనక, వీథికి అడ్డముగా మా యొద్దకు పరుగెత్తుకొని వచ్చి, మాలో జ్వరమున్నవారి మణికట్టు పట్టుకొని లేవదీసెను. ఆమె వెనుక వచ్చిన పదునాలుగేండ్ల మనుమరాలు ఇంగ్లీషున, 'క్షమింపుడు. మామయ్య తొమ్మిది గంటలకు గాని రాడు. మీరు చలిలో కూర్చున్నారని అమ్మమ్మ ఫోను చేసి ఆయనను త్వరపెట్టినది' అని చెప్పెను.

సంగతి యేమనగా, కొత్త సంవత్సరమున ఇంటి గడపను మొట్టమొదట త్రొక్కినవారిని బట్టి ఆ యింటి యేడాది నడచునని అచ్చటివారి నమ్మకము. అందుకు ఆ యేటికి సరిపడు జన్మసంవత్సరము గలవానిని ముందుగానే నియమింతురు. మేము పండుగనాటి పొద్దున, జ్వరముతో, దుప్పటి కప్పుకొని, 'లోపలికి రావచ్చునా' యని పలక పట్టుకొని పోయి నిలిచితిమి! శకునములను నమ్మరాదని ఈ పాఠశాలలోనే నేర్చుకొన్నవారము. నేటికిని నమ్ము వారము గాము. గాని బయలుదేరునప్పుడు ఎదురు వచ్చినవారిని చూచి మరల ఇంటిలోనికి పోయి, కొంచెము నీళ్లు త్రాగి మఱల బయలుదేరు పెద్దలు మా యిండ్లలో లేరా? వారు దుర్జనులని మేమెన్నడైన తలంచితిమా?

ఆ యింటిలో సాయంకాలము వఱకు ఉంటిమి. పారసిటమాలు మాత్రలు, అల్లము వేసిన వేడి బియ్యపు జావ, రెండు ఉన్ని శాలువలు. అంగడి ఇంకను శుభదినము చూచి తెఱవలేదు గనుక అమ్ముట లేదనియు, కావున వెల పుచ్చుకొనరాదనియు ఆ బాలిక తల్లి మా సొమ్ము త్రోసివేసెను. జ్వరములేనివారికి బాన్ చుంగ్ అను పండుగ వంటకము పెట్టిరి. జిగురు బియ్యము, పెసరపప్పు, పందిమాంసము చేర్చి, పచ్చని ఆకులలో చదరముగా కట్టి, పది గంటలకు తక్కువ గాకుండ ఉడికింతురట. మన పొట్టిక్కబుట్ట జ్ఞప్తికి వచ్చినది గాని యిది ఇటుకంత బరువు. రెండు ముక్కలు తినుసరికి మూడు దినముల ఆకలి తీఱెను.

ఆ బాలికయు మా వయస్సులే ముందుగా అడిగెను. ఈమారు మేము నవ్వి, ఏలయని యడిగితిమి. వారి భాషలో 'నీవు', 'మీరు' అని యందఱికిని చెల్లు మాట లేదట. అన్న, అక్క, పినతండ్రి, పెదతండ్రి, తాత యని వరుసపెట్టియే పలుకవలెనట. వయస్సు తెలియనిదే వరుస తెలియదు, వరుస తెలియనిదే నోరు తెఱచుటకు వీలులేదు. మా వయస్సులు విని, తన తండ్రికంటె చిన్నవారమని లెక్కచూచుకొని, మమ్ము 'చూ', 'కో' యని, అనగా బాబాయి, అత్త యని పిలువసాగెను. మొదటి రాత్రి గుమాస్తాను తలంచుకొని తలలు వంచుకొంటిమి.

కాగితము వెలిగించిన యామె సంగతియు చెప్పితిమి. బాలిక పకపక నవ్వి, అమ్మమ్మకు తర్జుమాచేసెను, ఆమెయు నవ్వెను. ఉదయమున వచ్చిన మొదటి బేరగాడు గీచి గీచి బేరమాడి కొనక పోయినయెడల ఆ దినపు వ్యాపారము చెడునని, ఆ పీడ పోవుటకు కాగితము కాల్చుదురట. ఆ మాట వినగానే మేము ఒకరి ముఖము నొకరు చూచుకొని, ఒక్కమారుగా 'బోణీ!' అంటిమి. మాలో ఒకరి తాతగారు తెనాలిలో బట్టల వర్తకులు. బోణీ బేరము చెడగొట్టినవానిని గూర్చి ఆయన పలుకు పలుకులు ఈ పత్రికలో అచ్చు వేయదగినవి గావు. కాగితము కాల్చుటయే దానికంటె మర్యాద.

మేము సెలవు పుచ్చుకొనునప్పుడు ఆ వృద్ధురాలు, పిల్లల కిచ్చునట్లే, మా చేతులలో చెఱియొక ఎఱ్ఱని కాగితపు సంచి పెట్టెను. గదికి పోయి విప్పి చూడగా ఒక్కొక్కదానిలో ఒక కొత్త నీలపునోటు. దీపము క్రింద సున్నలు రెండుమారులు లెక్కపెట్టితిమి. ఇరువదివేలే.

తిరుగు టిక్కెట్లు కొనలేదు. శుక్రవారమునకు జ్వరము విడిచెను. ఫిబ్రవరి 2వ తేదీ ఆదివారమునాడు ఙో త్రామ్ వీథిలోని ప్రొటెస్టంటు దేవాలయమునకు పోయితిమి. ప్రొటెస్టంటు మతమును వారు 'తిన్ లాన్' అందురు. ఆ మాటకు సువార్త యని యర్థము. ఆ సంఘమునకు మూలమైన మిషనెరీలు 1911లో డానాంగ్ రేవున పని మొదలిడిరి. పరిశుద్ధ గ్రంథమంతయు వారి భాషలో 1926లో వెలువడినది. ఆరాధనలో ఒక్క మాటయు మాకు తెలియలేదు. రెండవ కీర్తన రాగము మాత్రము తెలిసినదే యగుటచే మేము తెలుగున మెల్లగా పాడితిమి. ప్రక్కనున్న ముసలాయన తన పాటల పుస్తకమును మావైపు జరిపి, వ్రేలితో పంక్తి చూపెను. చదువలేకపోయినను ఆ వ్రేలివెంట చూచుచు పాడితిమి.

సోమవారము ఉదయమున హ్యూ నగరమునకు, 688 కిలోమీటర్ల దూరము, పోవు రైలు ఎక్కవలసియుండెను. స్టేషనుకు నడచుచుండగా ఆ టోపీల యామె పండుగ తరువాత అంగడి తెఱచి సరకులు పఱచుచుండెను. మాకు ఇక ఉన్నిటోపీలతో పనిలేదు, దక్షిణమునకు పోవుచుంటిమి. అయినను కాళ్లు ఆగెను. ఇంకను బోణీ కాలేదేమోయని సందేహించి, రైలునకు వేళ యగుచున్నను, వీథికి ఈవల నిలిచితిమి. ఆమె మమ్ము గుర్తుపట్టి, అగ్గిపెట్టె యున్న బల్లవైపు ఒకమారు చూచెను. కొంతసేపటికి ఒక తల్లి తన బిడ్డకు ఎఱ్ఱటోపీ కొని పోయెను. అప్పుడు మేము దాటిపోయి, రెండు టోపీలు, రెండు జతల తొడుగులు తీసికొని, ఆమె చెప్పిన ధర యిచ్చితిమి. నోట్లు ఇచ్చునప్పుడు మాత్రము వెలుతురున పట్టి చూచుకొంటిమి. ఆమెయు చూచుకొనెను.